అంబాసిడర్ నేలకి రంగు: ముందు నీళ్ళ దారి వెతకండి, డబ్బా తర్వాత తెరవొచ్చు

డ్రైవరు కాళ్ళ దగ్గరి రబ్బరు మ్యాటు ఒక మూల పట్టుకుని లేపి, కిందున్న ఫెల్టులోకి వేళ్ళు గుచ్చి చూడండి. వాన పడి పది రోజులైనా సరే, పాత అంబాసిడర్లో ఆ ఫెల్టు చెమ్మగానే తగులుతుంది. రోడ్డు మీది బురద నీళ్ళ వల్లే నేల పోతుందని అందరూ అనుకుంటాం. కానీ చాలా కార్లలో తుప్పు పైనుంచే మొదలవుతుంది. కింద తగిలిన నీళ్ళు గాలికి ఆరిపోతాయి. మ్యాటు కింద చేరినవి మాత్రం ఎటూ పోలేక నెలల తరబడి రేకుని నానబెడుతూ ఉంటాయి.

నా కారు 1986 నాటి మార్క్ 4. నా చేతికి రాకముందు పదిహేనేళ్ళు బందర్లో ఉప్పుగాలి పీల్చింది. కొన్న ఏడాదే నేల బాగుచేయమని ఒకాయన చేతిలో పెట్టాను. తుప్పు మీదే లప్పం పెట్టి, దానిమీద తారు షీటు అంటించి, పైన మెరిసే నల్లరంగు కొట్టి ఇచ్చాడు. చూడ్డానికి పెళ్ళికొడుకులా ఉంది. రెండు వానాకాలాలు గడిచేసరికి క్లచ్ తొక్కేటప్పుడు మడమ ఆనే చోట నేల మెత్తగా దిగబడటం మొదలైంది. స్క్రూడ్రైవర్ ఆనించి నొక్కితే అప్పడంలా విరిగింది. ఆ సందులోంచి చూస్తే కింద సిమెంటు గచ్చు కనబడింది. రెండోసారి నేనే కూర్చుని చేసుకున్నాను. కింద రాసింది ఆ రెండోసారి నేర్చుకున్నదే. ప్రీమియర్ పద్మిని కారుకైనా ఇందులో చాలావరకు ఇదే పద్ధతి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

సంక్రాంతి వెళ్ళాక మొదలుపెట్టి మార్చి లోపు ముగించండి. రోహిణి కార్తెలో పెట్టుకుంటే రేకు పెనంలా కాలుతుంది. పెయింటు పైన తోలు కట్టి లోపల ఆరదు, బుడగలు లేస్తాయి. వానాకాలంలో అయితే గోకిన రేకు తెల్లారేసరికి నారింజ రంగుకి తిరుగుతుంది. చలికాలంలో కూడా పొద్దున మంచు ఆరిపోయాక, అంటే తొమ్మిదిన్నర పది దాటాక రంగు పట్టుకోవాలి. సాయంత్రం నాలుగు తర్వాత కొత్త కోటు వేయకూడదు. రాత్రి మంచు పడితే ఆ కోటు పాలిపోతుంది. గాలిలో తేమ 85 శాతం దాటిన రోజున డబ్బా మూతే తీయొద్దు.

పని ఎన్ని రోజులంటే, కన్నాలు లేకపోతే వారం, ఉంటే మూడు వారాలు. రోజూ కారు అవసరమైనవాళ్ళు ముందే వేరే బండి చూసుకోండి.

నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి

ఈ పనికి ఇద్దరు కావాలి. మ్యాట్లు, ఫెల్టు తీసేసి నేల పొడిగా తుడవండి. నేలంతా పాత న్యూస్‌పేపర్లు పరవండి. ఒకరు టార్చితో లోపల కూర్చోవాలి, ఇంకొకరు బయట గొట్టం పట్టుకోవాలి. నీళ్ళు కింది నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. ముందు తలుపుల అడుగున, తర్వాత తలుపు అద్దాల దగ్గర, ఆ తర్వాత ముందు అద్దం బీడింగు చుట్టూ, చివర్న పైకప్పు. ఒక్కో చోట ఐదేసి నిమిషాలు ఓపిగ్గా పోయాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్ళు అన్ని సందుల మీదుగా జారి వస్తాయి, ఏది కారుతోందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు.

ఎక్కువగా దొరికే దొంగలు నాలుగు. ముందు అద్దం రబ్బరు ఎండి బిగుసుకుపోయి, కింది మూలల్లో నీళ్ళు లోపలికి వదులుతుంది. ఆ నీళ్ళు డ్యాష్‌బోర్డు వెనకగా జారి సరిగ్గా పెడళ్ళ దగ్గరికి దిగుతాయి. తలుపు అడుగునుండే నీళ్ళు పోయే కన్నాలు మట్టితో మూసుకుపోతే, తలుపులో నిండిన నీళ్ళు లోపలి ప్యాడింగు మీదుగా గుమ్మంలోకి పొర్లుతాయి. డిక్కీ రబ్బరు వదులైతే వెనక సీటు కింద చేరతాయి. నాలుగోది పెడళ్ళు, వైర్లు దూరే కన్నాల్లో చీకిపోయిన రబ్బరు బుష్షులు. వీటిని సరిచేయకుండా కింద ఎంత ఖరీదైన పెయింటు వేసినా నా మొదటి అనుభవమే మీకూ ఎదురవుతుంది.

విప్పడం

ముందుగా బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. ముందు సీటు బోల్టులకి ముందురోజు రాత్రే డీజిల్ కొంచెం పోసి వదిలేయండి. అంబాసిడర్ బోల్టులు అంగుళాల సైజువి. మిల్లీమీటరు స్పానర్ ఏదో ఒకటి ఇరికించి తిప్పితే మూలలు అరిగిపోయి, చివరికి కట్ చేయాల్సి వస్తుంది. వెనక సీటు మెత్త పైకి లాగితే వస్తుంది. గుమ్మం మీది అల్యూమినియం పట్టీలు, తలుపు బీడింగు, వాటి కిందికి దూరిన కార్పెట్ అంచులు అన్నీ తీయండి. ప్రతి దశలో ఫోనుతో ఫొటో తీసుకోండి. బోల్టులన్నీ ఒకే డబ్బాలో పడేస్తే నెల తర్వాత ఏది ఎక్కడిదో తల పట్టుకుంటారు. నేను పాత పెళ్ళి కవర్లలో వేసి మీద రాసుకున్నాను.

నేల రేకు మీద తారు ముద్దగా అతుక్కున్న పాత షీట్లు ఉంటాయి. వీటితోనే అసలు తిప్పలు. హీట్ గన్‌తో మెల్లగా వెచ్చబరుస్తూ లప్పం పట్టీతో లేపితే చపాతీ పిండిలా ముక్కలుగా వస్తాయి. మరీ కాల్చితే కరిగి పాకంలా అంటుకుంటుంది. మిగిలిన జిగురుని కిరసనాయిలు తడిపిన గుడ్డతో తుడవచ్చు. హీట్ గన్ పక్కన పెట్టి, రేకు పూర్తిగా చల్లారాకే కిరసనాయిలు తెరవాలి. ఆ కాలపు షీట్లలో కొన్నిటిలో ఆస్బెస్టాస్ నార కలిపేవారు. అందుకని పొడిగా ఉన్నప్పుడు గ్రైండర్ పెట్టి పొడి లేపొద్దు. తడిపి గోకండి, ముక్కుకి మంచి మాస్కు పెట్టుకోండి. పాత ప్రైమర్లలో సీసం, క్రోమేట్ ఉండే అవకాశం ఉంది కాబట్టి వాటిని కూడా తడి వాటర్ పేపర్‌తోనే రుద్దాలి. పిల్లలు ఆడుకునే వాకిట్లో ఈ పని వద్దు.

ఎంత పోయిందో చూడటం

ఖాళీ నేల మీద చిన్న సుత్తితో కొడుతూ పోండి. గట్టి రేకు ఖణేల్మంటుంది. పోయిన చోట అట్టపెట్టె మీద కొట్టినట్టు మొద్దుగా శబ్దమొస్తుంది. పూరీలా పొంగిన పెయింటు ప్రతిదాన్నీ స్క్రూడ్రైవర్‌తో పొడవండి, మొహమాటపడొద్దు. ఒక చిన్న అయస్కాంతం తీసుకుని నేలంతా తిప్పండి. అది అంటుకోని చోట పాత లప్పం ఉందన్నమాట. తర్వాత చీకటి పడ్డాక కారు కింద లైటు పెట్టి పైనుంచి చూడండి. కంటికి ఆనని సూదిబెజ్జాలు చుక్కల్లా మెరుస్తాయి.

కారు కిందికి దూరాల్సి వస్తే జాకీ మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఇటుకల మీద అసలే వద్దు. నాలుగు గట్టి స్టాండ్ల మీద నిలబెట్టాకే దూరండి.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. అంబాసిడర్‌కి లారీలాగా విడి ఛాసిస్ లేదు. దానికి మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌లాగే నేల, గుమ్మాల పెట్టెలు (తలుపుల కింద పొడవునా ఉండే బోలు దూలాలు), అడ్డ దూలాలు, పైకప్పు అన్నీ కలిసే బండి బరువు మోస్తాయి. నేలంటే కాళ్ళు పెట్టుకునే పలక మాత్రమే కాదు. అరచేయంత కన్నం నడిమధ్యలో ఉంటే మంచి టింకర్ చేత అతికించుకోవచ్చు. కానీ గుమ్మం పెట్టెలు, సీటు కింది అడ్డ దూలం, ముందు సస్పెన్షన్‌లో స్ప్రింగుల్లా పనిచేసే టోర్షన్ బార్లు (మెలితిరిగే కడ్డీలు) వెనక్కి వచ్చి బిగిసే చోటు, సీటు బెల్టు బోల్టుల చుట్టూ తుప్పు తినేస్తే అది రంగు డబ్బాతో తేలే పని కాదు. అక్కడ తెలిసిన చెయ్యి పడాల్సిందే.

అతుకు

ఆటోనగర్లో అడిగితే ముందుగా వినబడే సలహా "జీఐ షీటు వేసేద్దాం సార్, తుప్పు రాదు" అని. వద్దనండి. వెల్డింగ్ వేడికి జీఐ రేకు మీదుండే జింకు పూత కాలి తెల్ల పొగ వస్తుంది. అది పీల్చిన మనిషికి రాత్రికి జ్వరం పట్టుకుంటుంది, అతుకు దగ్గర పూత ఎలాగూ పోతుంది. పూత లేని మామూలు ఉక్కు రేకు, అంటే సీఆర్ (కోల్డ్ రోల్డ్) షీటు, 18 గేజి, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్ల మందం తీసుకోండి. నేల మీదుండే గాడులు అందాని కోసం పెట్టినవి కావు, రేకు ఊగకుండా బిగువిచ్చేవి అవే. కాబట్టి అతుకు ముక్కకి కూడా అవి కొట్టించాలి. 2014లో అంబాసిడర్లు తయారుచేసే ఉత్తరపార ఫ్యాక్టరీ మూతపడ్డాక కొత్త ప్యానెళ్ళ కోసం వెతుక్కోవాల్సిందే. నాకైతే టింకర్ చేత్తో వంచిన ముక్కే చక్కగా కూర్చుంది.

తుప్పు పట్టిన భాగాన్ని నిగనిగలాడే రేకు తగిలేదాకా కత్తిరించాలి. మంచి రేకులోకి ఇంకో అంగుళం పోయినా నష్టం లేదు. పాత కన్నం మీద పెద్ద ముక్క బోర్లించి చుట్టూ వెల్డింగ్ పెట్టడం మన దగ్గర మామూలు. రెండు రేకుల మధ్య ఆ సందులో చేరిన తేమకి బయటికి దారి ఉండదు. ముక్కని అంచుకి అంచు ఆనేలా కూర్చోబెట్టి, తీగ దానంతటదే వచ్చే మిగ్ వెల్డింగ్‌తో ఒక చుక్క ఇటు, ఒక చుక్క ఎదురుగా పెట్టుకుంటూ పోవాలి. ఒకే చోట గీత గీసినట్టు లాగితే రేకు వేడికి వంకర తిరుగుతుంది. గ్యాస్ వెల్డింగ్‌తో ఆ వంకర ఇంకా ఎక్కువ.

పెద్ద ముక్క కోసే ముందు తలుపుల సందులు కొలిచి రాసి పెట్టుకోండి. కోశాక తలుపు పడే తీరు మారితే బాడీ కుంగుతోందని అర్థం. అక్కడ ఆపి, కింద ఆధారం పెట్టాలి. నేల కిందుగా పెట్రోల్ పైపు, బ్రేక్ పైపు పోతాయి. పైనుంచి డ్రిల్ దించే ముందు కింద ఏముందో వంగి చూడండి. వెల్డింగ్ జరిగే చోటుకి దగ్గర్లో ఉన్న పెట్రోల్ పైపు విప్పి మూసేయాలి. మంటలార్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకోవాలి, తడి గోనెసంచి ఒకటి పక్కన ఉంచాలి. పని అయ్యాక అరగంట అక్కడే కాపలా ఉండండి. ఫెల్టు ముక్క ఎక్కడో రాజుకుని తర్వాత పొగ లేవడం నా కళ్ళారా చూశాను.

తుప్పు గోకడం, కడగడం

పొరలు పొరలుగా లేచే తుప్పుకి గ్రైండర్ మీద వైర్ కప్పు సరిపోతుంది. దాని తీగలు ఊడి సూదుల్లా ఎగురుతాయి కాబట్టి కళ్ళకి మూసుకునే అద్దాలు తప్పనిసరి, లుంగీతో కూర్చోవద్దు. తర్వాత 80 నంబరు గరుకు పేపరుతో రుద్దండి. గుంటల అడుగున నల్లటి మచ్చలు మిగులుతాయి. వాటికి ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ రిమూవర్ బ్రష్‌తో పూసి, డబ్బా మీద చెప్పినంతసేపు తడిగా ఉంచి, నైలాన్ బ్రష్‌తో గీకి, మంచి నీళ్ళతో రెండుసార్లు కడగాలి. వెంటనే గుడ్డతో తుడిచి, హీట్ గన్ గాలితో సందులన్నీ ఆరబెట్టాలి. యాసిడ్ జిడ్డు మిగిలితే దానిమీద వేసిన ఎపాక్సీ ప్రైమర్ పట్టదు, గోటితో గీరితే పొరలా లేచొస్తుంది. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. యాసిడ్ పూస్తే తుప్పు చచ్చిందని కడగకుండా రంగు వేసేస్తారు.

కన్నం లేకుండా గట్టిగా ఉన్న పాత పెయింటుని మొత్తం పీకనక్కర్లేదు. థిన్నర్ తడిపిన గుడ్డని దాని మీద నిమిషం పాటు పెట్టి చూడండి. పెయింటు మెత్తబడితే, ముడతలు పడితే అది తీసేయాల్సిందే. కొత్త టూ-ప్యాక్ రంగు (గట్టిపరిచే ద్రావణం విడిగా వచ్చి, కలిపి వాడేది) దాన్ని లేపేస్తుంది. ఏమీ కాకపోతే 180 నంబరు వాటర్ పేపర్ తడిపి మెరుపు పోయేదాకా రుద్దితే చాలు.

చివరగా జిడ్డు. గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగి ఆరబెట్టి, ఆ తర్వాత వ్యాక్స్ అండ్ గ్రీజ్ రిమూవర్ వాడండి. రెండు తెల్ల బనీను గుడ్డలు కావాలి. ఒకదానితో తడిపి, అది ఆరకముందే రెండోదానితో తుడవాలి. ఒకే గుడ్డతో రుద్దుతూ పోతే జిడ్డుని ఇక్కణ్ణుంచి అక్కడికి మోయడమే అవుతుంది. ఇంతదాకా వచ్చాక ఒట్టి చేత్తో రేకుని ముట్టుకోవద్దు. గోకిన రోజే ప్రైమర్ పడేలా చూసుకోండి. అంత పని ఒక్క రోజులో కాదనుకుంటే ఎడమ సగం ఒక రోజు, కుడి సగం ఇంకో రోజు చేయండి.

ప్రైమర్

రెడ్ ఆక్సైడ్ గేటుకీ, కిటికీ ఊచలకీ బాగుంటుంది. తేమ దాన్లోంచి మెల్లగా లోపలికి దిగుతుంది, కాబట్టి మ్యాటు కింద నానే నేలకి అది చాలదు. ఇక్కడికి రెండు డబ్బాల ఎపాక్సీ ప్రైమరే కావాలి. నేల విస్తీర్ణం ఎంతో లేదు, నాలుగైదు చదరపు మీటర్లు. ఒక లీటరు కిట్టు రెండు కోట్లకి వస్తుంది. రంగు, గట్టిపరిచే ద్రావణం ఏ పాళ్ళలో కలపాలో డబ్బా మీద రాసి ఉంటుంది. దాన్ని కంటి అంచనాతో కాకుండా గీతలున్న గిన్నెలో కొలిచి కలపండి. కొన్నిటిని కలిపాక పావుగంటో అరగంటో ఆగి వాడమంటారు, ఆగండి. ఎండాకాలంలో కలిపిన రంగు చెప్పిన సమయం కంటే ముందే బెల్లప్పాకంలా చిక్కబడుతుంది, కొంచెం కొంచెంగా కలుపుకోండి.

నేలకి స్ప్రే అక్కర్లేదని నా అభిప్రాయం. మీద కార్పెట్ పడేదానికి నునుపు ఎందుకు? పైగా కారు లోపల బిగించిన చోట స్ప్రే చేస్తే ఆ పొగమంచంతా మనమే పీల్చాలి. రెండంగుళాల బ్రష్షు, నాలుగంగుళాల రోలరు చాలు. బ్రష్షుతో ముందుగా వెల్డింగ్ గీతలు, రేకు అంచులు, బోల్టు కన్నాల చుట్టూ, మూలలు పొడిచి పొడిచి పూయండి. అది కాస్త ఆరాక రోలరుతో మొత్తం నేల లాగండి. అంచుల మీద పెయింటు ఎప్పుడూ పల్చబడుతుంది, తుప్పు మొదలయ్యేది కూడా అక్కడే.

రంగు పడకూడని చోట్లు ముందే కాపాడుకోండి. సీటు బోల్టుల మరల్లోకి పాత బోల్టులు బిగించి ఉంచండి. ఎర్త్ వైర్లు తగిలే చోట టేపు వేయండి. అది మరిచిపోతే లైట్లు మినుకుమినుకుమంటాయి, కారణం వెతకడానికి ఒక ఆదివారం పోతుంది. చివర్లో టేపు తీసి, వైరు బిగించి, పైన వాజిలీన్ రాస్తే సరి. నీళ్ళు పోయే కన్నాలు కూడా పెయింటుతో పూడిపోకుండా చూడండి.

ప్రైమర్ ఆరాక రేకులు కలిసే ప్రతి గీతకీ పీయూ (పాలీయురేథేన్) సీలెంట్ ట్యూబు పట్టి, తడి వేలితో కాకుండా చిన్న బ్రష్షుతో సందులోకి నొక్కండి. బాత్‌రూములకి వాడే సిలికాన్ ఇక్కడ పనికిరాదు. దాని మీద రంగు నిలవదు. ఆరేటప్పుడు వెనిగర్ వాసన వేసే రకమైతే అందులోంచి వచ్చే ఆమ్లమే రేకుని తినేస్తుంది.

పై రంగు

ఇక్కడ అందరూ నలుపు అంటారు. నేను లేత బూడిద రంగు వేశాను. నల్లటి నేల మీద తుప్పు చుక్క, నూనె మరక, నీటి చార ఏదీ కనబడదు. లేత రంగు మీద అగ్గిపుల్ల తలంత తుప్పు కూడా మ్యాటు లేపగానే పట్టుబడుతుంది. అసలు రంగే కావాలనుకునేవాళ్ళు వెనక సీటు కింద ఎండ, చెప్పులు తగలని మూల చూడండి, ఫ్యాక్టరీలో పడ్డ రంగు అక్కడ మిగిలి ఉంటుంది. దాన్ని షాపుకి తీసుకెళ్ళి కలిపించుకోవచ్చు.

టూ-ప్యాక్ పీయూ రంగు గట్టిగా నిలుస్తుంది, పెట్రోలు, బ్రేక్ ఆయిల్ పడినా త్వరగా పోదు. దాని హార్డ్‌నర్‌లో ఊపిరితిత్తులకి హానిచేసే ఐసోసైనేట్లు ఉంటాయి. స్ప్రే చేస్తే మామూలు కార్ట్రిడ్జి మాస్కు నమ్మదగింది కాదు, బయటి నుంచి గాలి అందించే మాస్కు కావాలి. ఇంటి దగ్గర బ్రష్షు, రోలరుతోనే వేయమని అనడానికి ఇదీ ఒక కారణం. అలా వేసినా నాలుగు తలుపులూ తెరిచి, టేబుల్ ఫ్యాను బయటికి ఊదేలా పెట్టి, గ్లౌజులు, మాస్కు వేసుకోండి. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఈ పని ఇంకొకరికి అప్పగించాలి.

రెండు పల్చటి కోట్లు వేయండి. మధ్యలో ఎంత ఆగాలో డబ్బా చెబుతుంది. ఆ గడువు దాటిపోతే 320 పేపరుతో తేలిగ్గా రుద్ది మళ్ళీ వేయాలి, లేదంటే పై కోటు కింది కోటుకి పట్టదు. వెనక మూల నుంచి మొదలుపెట్టి తలుపు వైపుకి రండి. నవ్వొస్తుంది కానీ, మొదటి కోటప్పుడు నేను స్టీరింగ్ కింద ఇరుక్కుని, చుట్టూ తడి రంగుతో ఎటూ కదల్లేక బావమరిదిని కేకేశాను.

తిరిగి కూర్చోబెట్టడం

అంటుకోవడం మానిందని రంగు గట్టిపడినట్టు కాదు. వారం రోజులు నీడలో అద్దాలు కాస్త దించి వదిలేయండి. ఈలోగా గుమ్మం పెట్టెల్లోకి, దూలాల్లోకి ఉన్న కన్నాల గుండా సన్నటి గొట్టంతో క్యావిటీ వ్యాక్స్ కొట్టండి. బ్రష్షు చేరని లోపలి రేకుకి అదొక్కటే దిక్కు. అతుకు వేసిన చోట కింది వైపు కూడా ఎపాక్సీ పడాలి, ఆ పైనే అండర్ కోటింగ్.

చప్పుడు తగ్గించే బ్యూటైల్ షీట్లు మొత్తం పరచాల్సిన పని లేదు. పెద్ద చదును భాగాల నడుమ పావు వంతు కప్పినా రేకు గలగలమనడం మానేస్తుంది. సీలెంట్ గీతల మీద, నేల కన్నాలు మూసే రబ్బరు బిళ్ళల మీద అంటించొద్దు. పాత జనపనార ఫెల్టుని మాత్రం మళ్ళీ లోపలికి రానివ్వకండి, అది తడిని పట్టి ఉంచే దూదే. నీళ్ళు పీల్చని ఫోము షీటు వేసి, పైన కార్పెట్ జిగురు లేకుండా ఊరికే పరవండి. ఎప్పుడైనా లేపి చూడ్డానికి వీలుంటుంది.

సీటు బోల్టుల మరలకి గ్రీజు రాసి బిగించండి, వచ్చే తరం టింకర్ మిమ్మల్ని తిట్టుకోడు. కార్పెట్ కింద నాలుగు మూలల్లో నాలుగు న్యూస్‌పేపర్ ముక్కలు పెట్టి, మొదటి గట్టి వాన పడ్డ మర్నాడు తీసి చూడండి. కాగితం ముడత పడిందంటే ఆ మూలకి పైనున్న బీడింగు మళ్ళీ చూడాలి. నాకు మూడు మూలలు పొడిగా వచ్చాయి. వెనక ఎడమ మూల కాగితం మాత్రం ఇంకా తడుస్తూనే ఉంది, డిక్కీ రబ్బరు కోసం తిరుగుతున్నాను.